అంతర్జాలమున సొంత పుటలు

పల్లెలలోని పెద్దలకు కంప్యూటరు విద్యతో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. పని కలదు. పామూరు, కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు సీమలలోని పెక్కు ఇండ్లనుండి పిల్లలు ఈ విద్య కొరకై హైదరాబాదునకును, బెంగళూరునకును పోవుచున్నారు. అచ్చటి శిక్షణాలయముల రుసుము, గది అద్దె, భోజనపు వ్యయము ఇచ్చటి మెట్టపైరుల మీద వచ్చిన సొమ్ముతోనో, అప్పుతోనో తీరవలసియున్నవి. రుసుము కట్టుటకు ముందు ఇంటి పెద్ద ఒక్క సంగతి తెలిసికొనుట మంచిది. ఆ విద్యలో ముఖ్యభాగము అంతర్జాలమున ఉచితముగా దొరకుచున్నది. దానిని అచ్చట ఉంచినవారిలో ననేకులు సంస్థల పక్షమున వ్రాసినవారు కారు. తమకు తెలిసినదానిని తమ పేరుతో తామే వ్రాసి, తమ ఖర్చుతో నిలిపిన వ్యక్తులు. బాటసారికి అన్నసత్రము ఎట్టిదో, విద్యార్థికి ఆ సొంత పుటలు అట్టివి. వాని చరిత్రను, ఆ చరిత్రలో మన తెలుగక్షరమునకు గల భాగమును, దానినుండి మనము గ్రహింపదగిన బుద్ధిని నేడు మనవి చేయుచున్నాను.

మొదట ఈ పుట యన నేమో చెప్పవలెను. అంతర్జాలము లోకమందలి కంప్యూటరులను తీగలచేతను, సముద్రగర్భమున పరచిన తంతువులచేతను కలిపిన వల. ఆ వలలో ఏదో యొక కంప్యూటరునందు వ్రాసియుంచిన కాగితమువంటిది జాలపుట. దాని చిరునామా తెలిసినవాడు ఏ దేశమున ఉన్నను, తన కంప్యూటరులోనో, చేతిలోని ఫోనులోనో దానిని తెరచి చదువుకొనవచ్చును. ఒకరి పేర కొన్ని పుటలు కూడియున్నచో దానిని వెబ్‌సైటు అందురు. తేదీల వరుసను ఒకరు తరచుగా వ్రాయుచుండు పుటలకు బ్లాగు అని పేరు.

ఈ యేర్పాటును కల్పించినవాడు టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు. జెనీవా నగరమునొద్ద సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయము కలదు. పలు దేశములనుండి వచ్చిపోవు శాస్త్రజ్ఞుల కాగితములు అచ్చట ఒకరివి మరియొకరికి దొరకక చిక్కుపడుచుండెను. వానిని ఒకదానితో నొకటి ముడివేసి యుంచవలెనని ఆయన 1989 మార్చి నెలలో ఒక ప్రతిపాదన వ్రాసి పై యధికారులకు సమర్పించెను. 1990 సంవత్సరాంతమునకు మొదటి పుట సిద్ధమయ్యెను. 1991 ఆగస్టులో దాని సంగతి బయటివారికి తెలిసెను. ఆ మొదటి పుటలలో ఏమి వ్రాసియుండెను? ఈ వల యనగా నేమి, ఇందు మీ పుటను మీరే కట్టుకొనుట ఎట్లు అను పాఠమే. అనగా అంతర్జాలమున పుట్టిన మొదటి పుటయే ఒక బడిపుట. 1993 ఏప్రిలు 30వ తేదీన సెర్న్ వారు ఈ విధానమును ఎవ్వరైనను రుసుము లేక వాడుకొనవచ్చునని ప్రకటించిరి. ఆ ప్రకటనయే లేకున్నచో నేటి సత్రములకు పునాదియే పడియుండదు.

ఈ పుటలలో మరియొక విశేషము కలదు. పైకి కనబడు రూపమునకు వెనుక, దానిని కట్టిన గుర్తుల వ్రాత ఒకటి యుండును. ఇది శీర్షిక, ఇది పేరా, ఇచ్చట బొమ్మ, ఇచ్చటినుండి ఫలానా పుటకు దారి, అని ఆ గుర్తులు చెప్పును. దానికి హెచ్.టి.ఎం.ఎల్. అని పేరు. చదువరి కోరినచో ఆ మూలమును తెరచి చూడవచ్చును. ధనుర్మాసమున పొరుగింటి వాకిట వేసిన ముగ్గును చూచి, చుక్కలు లెక్కించుకొని, మరునాడు తన వాకిట దానినే వేసి, ఒక మెలిక తానుగా చేర్చు ఆడపిల్లలను మనము ఎరుగుదుము. ఎవ్వరును ఆ పిల్లను తప్పుపట్టరు. తొలినాళ్లలో పుటలు కట్టు విద్య ఈ రీతినే దేశదేశములకు ప్రాకినది. గురువు ముఖము చూడకయే, గురువు వాకిటి ముగ్గును చూచి నేర్చినవారు వేలకొలది కలరు.

1994లో అమెరికాలో జస్టిన్ హాల్ అను కళాశాల విద్యార్థి తన పేర ఒక చోటు తెరచి, తన సంగతులతోపాటు తాను చూచిన మంచి పుటలకు దారులను వరుసగా వ్రాసి యుంచెను. 1997 డిసెంబరులో యార్న్ బార్గర్ అను నాతడు ఇట్టి వ్రాతకు వెబ్‌లాగ్ అని పేరిడెను. వలలో తిరిగినదాని దినచర్య యని దాని భావము. 1999లో పీటర్ మెర్హోల్జ్ అను మరియొకడు హాస్యమునకై ఆ మాటను విరుగగొట్టగా, బ్లాగ్ అను ముక్క మిగిలి అదియే లోకమున నిలిచెను. ఆ యేటి ఆగస్టు నెలలోనే బ్లాగర్ అను ఉపకరణము వెలువడెను. దానితో గుర్తుల వ్రాత తెలియనివారికిని సొంత పుట సాధ్యమయ్యెను. 2003లో ఆ ఉపకరణమును గూగుల్ సంస్థ కొనెను.

ఈ పుటలు వ్రాయువారిలో ఒక సదాచారము ఏర్పడెను. పుట ప్రక్కన, తాము మెచ్చిన ఇతరుల పుటల పేర్లను ఒక పట్టికగా ఉంచెడివారు. నాకు తెలిసినది ఇంతవరకు, దీనిపై సంగతికి ఫలానా వారి పుట చూడుడు, అని చెప్పుట యన్నమాట. ఇది మన పాతచదువుల మర్యాదయే. వ్యాకరణము చెప్పిన గురువు, తర్కమునకు మరియొక గ్రామమందలి పండితుని పేరు చెప్పి శిష్యుని పంపెడివాడు. ఆ మాటయే శిష్యునకు యోగ్యతాపత్రము. పంపిన గురువునకు దానివలన తక్కువతనము లేదు. తెలిసినవాడే మరియొక తెలిసినవానిని చూపగలడు.

ఇట్టి పుటలలో కొన్ని పుటల నిర్మాణ విద్యనే మార్చినవి. జెఫ్రీ జెల్డ్‌మన్ అను నాయన 1995నుండి తన పేరి పుటలో పాఠములు వ్రాయుచు వచ్చెను. 1998లో ఆయన నడపిన ఎ లిస్ట్ అపార్ట్ అను జాలపత్రిక వెలసెను. ఆ దినములలో పుటలను తెరచి చూపు సాధనములను, అనగా బ్రౌజర్లను, నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ సంస్థలు పోటీపడి చేయుచుండెడివి. ఒకదానికి తెలిసిన గుర్తు మరియొకదానికి తెలియదు. ఒకచోట చక్కగా కనబడిన పుట మరియొకచోట చెదరిపోవును. కొలతలు ఊరికొక తీరుగా ఉన్న సంతలో బేరము ఎట్లుండునో అట్లుండెను. అందరికిని ఒకే కొలత యుండవలెనని 1998లో పుటలు కట్టువారే కొందరు సంఘముగా ఏర్పడి వాదించిరి. జెల్డ్‌మన్ వారిలో నొకడు. సంస్థలు క్రమముగా ఆ మాటను వినవలసి వచ్చెను.

2003 మే నెలలో కెనడా దేశీయుడగు డేవ్ షే అను నాతడు సి.ఎస్.ఎస్. జెన్ గార్డెన్ అను పుటను తెరచెను. అందలి వ్రాత ఒక్కటే. దానికి వేయు రంగులు, అక్షరముల తీరు, అమరిక మాత్రము ఎవరి యిష్టము వచ్చినట్లు వారు పంపవచ్చును. పంపినవానిలో మేలైనవానిని ఆయన అచ్చట ఉంచెడివాడు. మన పామూరు మదన వేణుగోపాలస్వామివారి గుడిలోనే గాక ఏ గుడిలోనైనను ఉత్సవమూర్తి ఒక్కటియే గదా. అలంకారము దినమునకొక తీరు. మూర్తిని మార్చక అలంకారమును మార్చవచ్చునని ఆ పుట కన్నులకు కట్టినట్లు చూపెను. వ్రాత వేరు, వేషము వేరు అను ఈ పాఠము వలన ఒక్కమారు వ్రాసిన సంగతిని ఎన్ని విధములనైనను చూపుట సులభమయ్యెను. 2010లో ఈథన్ మార్కాట్ అను నాయన ఎ లిస్ట్ అపార్ట్ పత్రికలో వ్రాసిన వ్యాసము దీనిని మరియొక మెట్టు ఎక్కించెను. చూచు తెర పెద్దదైనను చిన్నదైనను పుట తానే ఒదుగునట్లు కట్టు విధమును ఆయన చెప్పెను. నేడు పొలము గట్టున కూర్చుండి అరచేతి ఫోనులో మనము ఒక పుటను అడ్డముగా జరుపక చదువగలుగుచున్నామన్నచో, దానివెనుక అట్టి వ్యాసములు కలవు.

ప్రోగ్రాములు వ్రాయు విద్యలోను ఇట్టి గురువులు కలరు. జోయెల్ స్పోల్‌స్కీ అను నాయన 2000 సంవత్సరమునుండి తన పుటలో, పనిలో ఎదురైన చిక్కులను కథలవలె చెప్పుచు వ్రాసెను. జాన్ గ్రూబర్ అను నాయన 2004లో తన పుటలో మార్క్‌డౌన్ అను తేలిక వ్రాతపద్ధతిని ప్రకటించి ఉచితముగా ఇచ్చెను. నేడు ప్రోగ్రాము రచయితలలో దానిని వాడనివారు అరుదు. జూలియా ఎవాన్స్ అను నామె, తాను క్రొత్తగా నేర్చుకొన్నదానిని, ఎచ్చట అర్థము కాలేదో ఎట్లు అర్థమైనదో దాచక, చేతి బొమ్మలతో చిన్న పొత్తములుగా చెప్పుచున్నది. బడిలో నలువది మందిలో ఒకడు ధైర్యము చేసి ఈ లెక్క నాకు తెలియలేదు అని నిలుచున్నచో, మిగిలిన ముప్పది తొమ్మిది మందికిని మేలగును. ఆమె పుటల మేలు అట్టిది.

స్పోల్‌స్కీ వ్యాసములలో 2003 అక్టోబరునాటి ఒక వ్యాసము తెలుగువారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. అది అక్షరములను గూర్చినది. ఏ సంఖ్యాపద్ధతిలో వ్రాసిరో తెలియనిచో కంప్యూటరులోని ఏ వ్రాతకును అర్థము లేదనియు, ప్రోగ్రాములు వ్రాయు ప్రతివాడును యూనికోడును తెలిసికొనక తప్పదనియు ఆయన వాదము. ఆంగ్లము మాత్రమే వ్రాయువానికి ఈ సంగతి అంతగా తోచదు. మనకో, ఇది ప్రాణమువంటి సంగతి. ఏలయో వివరించెదను.

కంప్యూటరునకు అక్షరము తెలియదు. అంకె మాత్రమే తెలియును. ప్రతి యక్షరమునకు ఒక సంఖ్యను నిర్ణయించి, ఆ సంఖ్య వచ్చినప్పుడు ఈ రూపము గీయుమని చెప్పవలెను. మొదట ఆంగ్లాక్షరములకే సంఖ్యలు స్థిరపడెను. కాబట్టి తొలినాళ్లలో తెలుగును కూర్చినవారు ఒక ఉపాయము చేసిరి. ఆంగ్లాక్షరపు సంఖ్యనే యుంచి, రూపము మాత్రము తెలుగుది గీయించిరి. ఒక్కొక్క పత్రికకు, ఒక్కొక్క ముద్రణశాలకు ఒక్కొక్క ఫాంటు, అనగా ఒక్కొక్క అక్షరపు మూస, ఏర్పడెను. ఆ మూస లేని కంప్యూటరులో ఆ వ్రాతను తెరచినచో అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపు కనబడెడిది. ఒక మూసలో వ్రాసినది మరియొక మూసలో చదువబడదు. వెదకిన దొరకదు. తెలుగు కంటికి ఉన్నట్లే యుండును గాని, యంత్రము లెక్కలో అది తెలుగు కాదు.

1991లో వెలువడిన యూనికోడు ఈ చిక్కును విడదీసెను. లోకమందలి లిపులన్నిటికిని వేరువేరు సంఖ్యలు నిర్ణయించుట దాని యుద్దేశము. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడెను. క అను నక్షరమునకు 3093 సంఖ్య. పామూరు అను మన యూరి పేరు కంప్యూటరులో ఎట్లుండునో చూడుడు. ప 3114, దీర్ఘము 3134, మ 3118, ఊకారపు గుర్తు 3138, ర 3120, ఉకారపు గుర్తు 3137. ఈ యారు సంఖ్యలే పామూరు. అమెరికాలో తెరచినను, అమ్మవారి పాలెములో తెరచినను, ఏ మూసలో చూచినను ఆ యారు సంఖ్యలు మారవు. మూస వేషము, సంఖ్య మూర్తి. ఇందాక చెప్పిన అలంకారపు న్యాయమే ఇచ్చటను చెల్లును.

ఈ సంఖ్యలను నిర్ణయించినవారు పెద్దసంస్థలవారు. భారత ప్రభుత్వమువారు అంతకుముందే మన లిపులకు ఏర్పరచిన పద్ధతి దానికి ఆధారమయ్యెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తోడ గౌతమి అను తెలుగు ఫాంటును మైక్రోసాఫ్టువారు చేర్చిరి. ఈ మేలును కాదనరాదు. అయినను సంఖ్యలు నిర్ణయించినంత మాత్రమున భాష వ్రాతలోనికి రాదు. కాలువ త్రవ్వినంతనే పొలము పండదు గదా. మడికి నీరు కట్టువాడు కావలెను. ఆ పని చేసినవారు చాలవరకు జీతము లేని వ్యక్తులు.

వారిలో కొందరిని తలచుకొందము. 1990ల మొదట అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయమున నుండిన కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు, ఆంగ్లపు మీటలతో తెలుగును ఉచ్చారణ ననుసరించి వ్రాయు పద్ధతిని కల్పించిరి. చిన్న బడి అక్షరముచే హ్రస్వము, పెద్ద బడి అక్షరముచే దీర్ఘము, ఇట్టివి దాని నియమములు. ఆ విద్యాలయము పేరనే దానికి ఆర్.టి.ఎస్. అని పేరు వచ్చెను. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన అను పేర్లతో తెలుగు ఫాంట్లను కూర్చి ఉచితముగా పంచిరి. వెన్న నాగార్జునగారు పద్మ అను ఉపకరణమును వ్రాసి, పత్రికల వేరువేరు మూసలలోని వ్రాతను యూనికోడులోనికి మార్చు దారి చూపిరి. చెదలు పట్టని యక్షరములను చెదలు పట్టినవానినుండి వేరుచేసి క్రొత్త తాళపత్రమునకు ఎత్తి వ్రాసినట్లయ్యెను.

2006లో వీవెన్ అను పేర వ్రాయు నిపుణుడు లేఖిని అను పుటను తెరచెను. అందు ఆంగ్లపు మీటలతో అమ్మ అని కొట్టినచో తెలుగున అమ్మ అని ప్రత్యక్షమగును. కంప్యూటరులో ఏమియు చేర్చనక్కరలేదు, పైకము కట్టనక్కరలేదు. ఆ కాలమున తెలుగున వ్రాయగోరినవారికి అది అక్షరాభ్యాసపు పలక వంటిదయ్యెను. ఆయనయే కూడలి అను పుటను కట్టి, తెలుగు బ్లాగులలో ఎప్పటికప్పుడు వచ్చు వ్రాతలను ఒక్కచోట చూపెను. ఇవిగాక వీవెనుడి టెక్కునిక్కులు అను తన బ్లాగులో జాలపుటల నిర్మాణమును, కంప్యూటరులో తెలుగు వాడుకను తెలుగుననే చెప్పుచు వచ్చెను. టెక్నిక్కులను టెక్కులుగను, నిక్కులుగను విరిచిన ఆ పేరిలోని చమత్కారము పండితులకును నచ్చదగినది. తెలుగున చదువుకొన్న పిల్లవానికి, ప్రోగ్రాముల విద్యను తన భాషలో, ఒక మనిషి గొంతుతో వినిపించిన సొంత పుటలలో అది ముందువరుసలోనిది.

దీనికి ప్రక్కనే మరికొన్నిటిని చెప్పవలెను. 1998లో అమెరికాలోని తెలుగువారు స్థాపించిన ఈమాట పత్రిక అంతర్జాలముననే పుట్టి అచ్చటనే నడచుచున్నది. 2003 డిసెంబరున తెలుగు వికీపీడియా మొదలయ్యెను. అది సొంత పుట కాదు, ఊరుమ్మడి చెరువువంటిది. ఎవరైనను ఒక తట్ట మన్ను పోయవచ్చును. వాడపల్లి శేషతల్పశాయి, కాలేపు నాగభూషణరావు గార్ల ఆంధ్రభారతి పుటలలో శబ్దరత్నాకరము, బ్రౌను నిఘంటువు మొదలగునవి వెదకి చూచుకొను వీలు కలిగినది. నిఘంటువు కొరకై పట్టణమునకు పోయి, గ్రంథాలయమున మొత్తము సంపుటము తిరగవేసి ఒక పదమును వ్రాసికొని వచ్చినవారికి దాని విలువ తెలియును. ఈ-తెలుగు అను సంఘమువారు హైదరాబాదు పుస్తక ప్రదర్శనలలో అంగడి తెరచి, అమ్మకము ఏమియు లేక, కంప్యూటరున తెలుగు వ్రాయుటను వచ్చినవారికందరకు చూపుచుండిరి.

ఇంతవరకు పుణ్యకార్యముల చరిత్ర. ఇక నష్టముల చరిత్రను చెప్పవలెను. సొంత పుటకు ఆయుర్దాయము తక్కువ. వ్రాసినవాడు ఏటేట చిరునామాకు రుసుము కట్టనిచో అది మాయమగును. వాడు మరణించినచో కట్టువాడుండడు. పరుల చోట అద్దెకున్నట్లు ఒక సంస్థవారి స్థలమున వ్రాసికొన్నచో, ఆ సంస్థ తలుపు మూసిననాడు లోపలి సామాను పోవును. జియోసిటీస్ అను సంస్థ 1994నుండి సామాన్యులకు ఉచితముగా పుటలు పెట్టుకొను చోటిచ్చెను. కోట్లకొలది పుటలు అచ్చట వెలసెను. 1999లో యాహూ సంస్థ దానిని కొని, 2009 అక్టోబరులో మూసివేసెను. కొందరు ఉత్సాహవంతులు రాత్రింబవళ్లు నకళ్లు తీసి కొంత భాగమును మాత్రము కాపాడగలిగిరి. పలు బ్లాగులను ఒక్కచోట చదువుటకు వీలిచ్చిన గూగుల్ రీడర్ 2013 జూలై 1వ తేదీన మూతపడెను. తెలుగున కూడలి తరువాత జల్లెడ, హారం, మాలిక మొదలగు కూర్పు పుటలు వెలసినవి గాని, వానిలో కొన్ని కాలక్రమమున మూతపడినవి. వ్రాయువారు పెక్కురు ఫేస్‌బుక్ వంటి చోటులకు తరలిరి. అచ్చట నేడు వ్రాసినది రేపటికి క్రిందబడును, మరునాడు వెదకినను దొరకదు.

మార్కాపురము పలకల సీమలోని వారమైన మనకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మన కొండల రాతితో చేసిన పలకల మీద దేశమందలి పిల్లలు ఎందరో అక్షరములు దిద్దిరి. పలక యెంతయో మేలు చేసినది. కాని పలక మీది వ్రాత తడిగుడ్డతో తుడిచినచో పోవును. నేర్చుకొనుటకు పలక చాలును, నిలుపుకొనుటకు చాలదు. నిలుపుకొనుటకు నకలు కావలెను.

మన పొరుగున కడపలో దీనికి గొప్ప నిదర్శనము కలదు. చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1820లో ఉద్యోగమునకై కడపకు వచ్చెను. తరువాత అచ్చట ఒక బంగళా కొని, పండితులను, లేఖకులను జీతములిచ్చి నియమించి, శిథిలమగుచున్న తాళపత్రముల ప్రతులను సేకరించి, సరిచూపించి, క్రొత్త నకళ్లు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చు వేయించెను. 1852లో తెలుగు నిఘంటువును ప్రకటించెను. ఆ బంగళా ఉండిన చోట నేడు ఆయన పేర గ్రంథాలయము కలదు. ఎత్తి వ్రాసిన ప్రతులు నిలిచినవి, వ్రాయనివి పోయినవి. అంతర్జాలమునను న్యాయము అదియే. 1996లో బ్రూస్టర్ కేల్ అను నాయన అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అను భాండాగారమును స్థాపించి, జాలపుటలకు నకళ్లు తీయుట మొదలిడెను. 2001నుండి ఆ నకళ్లను ఎవరైనను చూచు వీలు కల్పించెను. మూతపడిన పుటలలో పెక్కు నేడు ఆ భాండాగారముననే దొరకుచున్నవి.

పెద్దలకు ఈ చరిత్రవలన ఏమి ప్రయోజనము? రెండు కలవని నా యభిప్రాయము. మొదటిది, పిల్లవానిని ఎచ్చటికి పంపవలెనో తెలియుట. మంచి పుటకు కొన్ని గుర్తులు కలవు. వ్రాసినవాడు తన పేరు చెప్పును. వ్రాసిన తేదీ వేయును. చెప్పిన పద్ధతిని చేసి చూపును. తనకు తెలియనిచోట మరియొకరి పుటకు దారి చూపును. పదిరోజులలో పెద్ద యుద్యోగమని ఆశ పెట్టడు. తేదీని తప్పక చూడవలెను. ఈ విద్యలో పద్ధతులు త్వరగా మారును. నిరుటి పంచాంగముతో ఈయేటి ముహూర్తము పెట్టినట్లు, పాతపుటను చూచి క్రొత్తపని చేసినచో చిక్కు కలుగును. అయితే మూలసూత్రములు చెప్పిన పుటలు పాతవైనను చెడవు. స్పోల్‌స్కీ యక్షరముల వ్యాసము నేటికిని చదువదగినదే. పిల్లవాడు శిక్షణాలయమునకు పోవలదని నేననను. పోవుటకు ముందు ఆరు మాసములు ఇట్టి పుటలను చదివి, తానుగా ఒక చిన్న పుటను కట్టి పెద్దలకు చూపవలెనని నియమము పెట్టుడు. ఆ పని వానికి రుచించినదో లేదో, రుసుము కట్టకముందే మీకు తెలియును.

ఇచ్చట ఒక కష్టము దాచరాదు. ఈ విద్యలోని మంచి పుటలు అధికభాగము ఆంగ్లమున ఉన్నవి. తెలుగున మిక్కిలి తక్కువ. తెలుగు బడిలో చదివిన పిల్లవాడు తెలివి చాలక గాక, భాష చాలక వెనుకబడుచున్నాడు. ఇప్పుడు మాట అడిగిన బదులు చెప్పు యంత్రములు వచ్చినవి. కృత్రిమమేధ యని వానిని పిలుచుచున్నారు. అవి జాలమందలి వ్రాతలను చదివియే నేర్చినవి. ఏ భాషలో మంచి వ్రాత తక్కువయో, ఆ భాషలో వానికిని తెలివి తక్కువయే. కాబట్టి ఈ విద్య నేర్చి పైకి వచ్చిన మన పిల్లలను, మీరు నేర్చినదానిని తెలుగున ఒక పుటలో వ్రాయుమని అడుగుట పెద్దల విధి. పండుగకు వచ్చినప్పుడు జీతమెంత యని అడుగుదుము. ఏమి వ్రాసితివి అనియు అడుగుదము.

రెండవ ప్రయోజనము మన యూళ్లకు సంబంధించినది. పందొమ్మిదవ శతాబ్ది మొదట కర్నల్ మెకంజీ తన పండితులచేత ఊరూర కైఫియతులు వ్రాయించెను. ఊరిపేరు ఎట్లు వచ్చెను, చెరువు ఎవరు కట్టించిరి, గుడికి మాన్యములు ఎవరిచ్చిరి, అనునవి వానియందు కలవు. కైఫియతు యనగా ఆనాటి ఊరి పుటయే. 1905లో బటర్‌వర్తు, వేణుగోపాలు చెట్టి గార్లు నెల్లూరు జిల్లా శాసనములను 3 సంపుటములుగా ప్రకటించిరి. అప్పుడు కనిగిరి తాలూకా ఆ జిల్లాలోనిదే. ఆ తరువాత మన పల్లెలనుగూర్చి పెద్దలకు తెలిసిన సంగతులలో వ్రాతకెక్కినవి ఎన్ని? ఏ బావి నీరు ఎప్పుడు ఎండెను, ఏ పైరు ఎందుచేత మానిరి, ఏ రాతి మీద ఏ వ్రాత కలదు, భైరవకోన తిరునాళ్లకు వెనుక ఏ దారిని పోయెడివారు, ఇవి మీ మనస్సులలో మాత్రమే యున్నవి. ప్రోగ్రాముల విద్య తెలిసిన పిల్లవాడు ఇంట నుండియు, సంగతులు తెలిసిన పెద్ద యింట నుండియు, ఇరువురును ఒక సాయంకాలము కలిసి కూర్చుండక పోవుటచేత అవి నశించుచున్నవి.

కాబట్టి నా మనవి యిది. మీ యూరి పేర ఒక పుట కట్టింపుడు. యూనికోడులోనే వ్రాయింపుడు. మూస ఏదైనను సంఖ్యలు నిలుచును. పరుల చోట గాక సొంత చిరునామాలో ఉంచుడు. ఏటి రుసుమును గుడి పద్దువలె ఊరి పద్దులో వ్రాయుడు. పుటకు ఒక నకలు ఇంట, ఒక నకలు బడిలో, ఒక నకలు భాండాగారములో ఉండునట్లు చూడుడు. మొత్తమును ఏడాదికొకమారు కాగితము మీద అచ్చు తీసి గ్రంథాలయమున ఉంచుడు. పుట చివర, మీరు మెచ్చిన పొరుగూళ్ల పుటల పట్టికను మరువకుడు. అన్నసత్రములో భుజించినవాడు శక్తి కలిగిననాడు ఒక పూటకైనను బియ్యము పంపుట మన పెద్దల మర్యాద. ఈ సత్రమున మన పిల్లలు చాలకాలముగా భుజించుచున్నారు. బియ్యము పంపు వంతు మనకు వచ్చినది. ఇంతటితో ముగించుచున్నాను.